బావ గొంతుకి అడ్రసు

మా ఇంట్లో గలగలా మాట్లాడిన ప్రోగ్రాం బావ దుకాణంలో నోరు విప్పలేదు. గరివిడిలో మాట్లాడింది, చీపురుపల్లి వెళ్ళేసరికి మూగబోయింది. రెండూళ్ళకీ మధ్య ఆటో ఎక్కి సర్దుకు కూర్చునేలోపు దిగాల్సినంత దూరమే. అంత దూరానికే మాట పడిపోయిందంటే నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పుడు చెప్పలేను. కోపం మాత్రం వచ్చింది, అది బాగా గుర్తుంది.

బావ అంటే మా అక్క మొగుడు. పెసలు, మినుములు, నువ్వులు, గోగునార కొనే దుకాణం వాళ్ళది. ఆ దుకాణంలో బావ వాళ్ళ నాన్న కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ధర బోర్డు మీద రాయరు, చీటీ మీదా రాయరు. గల్లా పెట్టె దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి రైతు తెచ్చిన బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి, ఒక గింజ కొరికి చూసి, నోటితో ధర చెప్పాలి. చెప్పాక సాయంత్రానికి బజారు పడినా లేచినా ఆ మాట మారదు. గుర్ల నుంచి, మెరకముడిదాం నుంచి రైతులు దారిలో ఉన్న దుకాణాలన్నీ దాటుకుని ఇక్కడికి రావడం ఆ మాట కోసమే. నోటితో ధర చెప్పలేనివాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కిందటి వర్షాకాలంలో బావకి పక్షవాతం వచ్చింది. కుడికాలు కొన్నాళ్ళకి కర్ర సాయంతో దారికొచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. మనం చెప్పేదంతా ఆయనకి అర్థమవుతుందనీ, చెప్పాలనుకున్నదీ తెలుసనీ, అది నోటిదాకా రావడం లేదంతేననీ విశాఖలో డాక్టరు చెప్పాడు. మొత్తం మాటల్లో ఒక్కటే మిగిలింది. "అది కాదు." కాఫీ కావాలన్నా అది కాదు, కాఫీ వద్దన్నా అది కాదు, ఫ్యాన్ వెయ్యమన్నా అది కాదు. ఏ అది కాదుకి ఏం అర్థమో అక్క రాగాన్ని బట్టి పట్టేసేది. రైతులకెలా తెలుస్తుంది? ఒకాయన మినుములు తెస్తే బావ బస్తా చూసి మెచ్చుకోలుగా తలాడిస్తూ "అది కాదు, అది కాదు" అన్నాడు. ఆ రైతు సరుకు బాగోలేదన్నాడనుకుని బస్తా మళ్ళీ ఆటోలో వేయించుకుని పోయాడు.

ఆ రోజు తర్వాత బావ వాళ్ళమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. కొత్త పెసలు వచ్చినప్పుడు, మొదటి బస్తాకి ధర చెప్పేది చిన్నకొడుకు. అప్పటినుంచి కుర్చీ అతనిది. ఆవిడ చెడ్డది కాదు. బావ తమ్ముడూ చెడ్డవాడు కాదు, ఎరువుల దుకాణం చూసుకుంటూ తన బతుకు తను బతుకుతున్నవాడు, ఈ కుర్చీ కావాలని ఎప్పుడూ అడగలేదు. రైతుకి మాట చెప్పేవాడు కావాలి, దుకాణం నిలబడాలి, అంతే ఆవిడ లెక్క.

అక్క లెక్క వేరు. వంటింట్లో కూర తిరగేస్తూ, నావైపు చూడకుండా చెప్పింది.

"ఆ కుర్సీలోంచి దింపితే ఆయన మంచంలోకెల్తాడే. మంచంలోకెల్తే మరి లెగడు. నాకు తెలుసు."

నాకూ తెలుసు. పొద్దున్నే స్నానం చేసి, ఎడంచేత్తోనే చొక్కా గుండీలు పెట్టుకుని, కర్ర పట్టుకుని దుకాణానికి బయల్దేరే ఆ కాస్త ప్రయాణమే ఆయన్ని నిలబెడుతోంది. అందుకే ఇందులో తల దూర్చాను. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం చూసి, కందకి లేని దురద కత్తిపీటకేటి అన్నాడు. కందకీ ఉంది దురద, అడగడానికి దానికి నోరు లేదంతే అన్నాను.

నేను విశాఖలోని ఒక కంపెనీకి ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మాట పడిపోయినవాళ్ళ కోసం ఎవరో పుణ్యాత్ములు రాసి ఉచితంగా వదిలిన ప్రోగ్రాం ఒకటి నాకు దొరికింది. తెర మీద బొమ్మలూ అంకెలూ ఉంటాయి, నొక్కితే మాట వినిపిస్తుంది. అందులో ఉన్న తెలుగు గొంతు వినిపిస్తే బావ మొహం అటు తిప్పేసుకున్నాడు. ఆయనదీ న్యాయమే. ఆ గొంతుతో ధర చెబితే రైతు రైలొస్తోందనుకుంటాడు. అప్పుడు అక్క తన ఫోన్ తెచ్చి ఇచ్చింది. బావ బాగున్నప్పుడు అక్కకీ, రైతులకీ, లారీవాళ్ళకీ పంపిన వాయిస్ మెసేజీలు బోలెడున్నాయి. వాటిలోంచి ఒక్కొక్క మాటే కత్తిరించాను. అంకెలు, "తూకం ఎయ్యండి", "సరుకు తడిగున్నాది", "ఇంటికాడ అందరూ బాగున్నారా". అరవై అనే మాట ఆలస్యంగా వచ్చిన లారీ డ్రైవర్ని తిట్టినచోట తప్ప ఇంకెక్కడా దొరకలేదు. అందుచేత అరవై ఎప్పుడొచ్చినా బావ గొంతు కాస్త కస్సుమంటుంది. అవన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి దానికి గొంతు అని పేరు పెట్టాను.

మా ఇంట్లో అది మాట్లాడింది. ఎన్ని అంకెలు నొక్కితే అన్నీ బావ గొంతుతోనే. అక్క విని ఏడ్చింది. పెన్ డ్రైవ్‌లో వేసుకుని దుకాణానికెళ్ళి, అక్కడి ల్యాప్‌టాప్‌లో పెట్టి, బావనీ, వాళ్ళమ్మనీ, తమ్ముణ్ణీ పిలిచి కూర్చోబెట్టాను. బావ ఎడంచేత్తో అంకె నొక్కాడు. బొమ్మ వెలిగింది. చప్పుడు లేదు. స్పీకర్ చూశాను, వాల్యూమ్ చూశాను, మళ్ళీ నొక్కించాను. లేదు. బావ తమ్ముడు నొచ్చుకుంటూ, పోన్లెండి ఇంకోసారి చూద్దాం అన్నాడు. బావ వాళ్ళమ్మ లేచి లోపలికెళ్ళింది.

ఇంటికొచ్చి చూస్తే కారణం తెలిసింది. ఇలాంటి ప్రోగ్రాం చాలా ముక్కలుగా వస్తుంది. ముక్కలన్నిటినీ కలిపి, ఏది ఏ ఫోల్డర్లోకి వెళ్ళాలో చెప్పడానికి స్క్రిప్టులుంటాయి. వాటిని మనుషులు కూర్చుని రాయరు. ఒక పనిముట్టు ముందుగా ఉన్న నమూనాని చదివి, ఏ కంప్యూటర్ మీద నడుస్తోందో దాన్నీ చూసుకుని, తనే రాసి పడేస్తుంది. నా కంప్యూటర్ మీద నడిచింది కాబట్టి ఇన్‌స్టాల్ దారి ఉండాల్సినచోట, కంప్యూటర్ ఎవరి పేరు మీద తెరుచుకుంటుందో ఆ పేరున్న ఫోల్డర్, అంటే నాది, రాసింది. ఆ అడ్రసే ప్రోగ్రాంలోకీ ఎక్కింది. అది ఏ ఊరెళ్ళినా బావ గొంతు కోసం మా ఇంటి తలుపే కొడుతోంది. మా ఇంట్లో ఆ తలుపు ఉంది, తెరుచుకుంది. చీపురుపల్లిలో లేదు. ఇంట గెలిచావుగా, ఇంక రచ్చే మిగిలింది అన్నాడు మా ఆయన.

తిన్నగా ఆ స్క్రిప్టు తెరిచి, నా పేరు కొట్టేసి బావ పేరు రాశాను. దుకాణం ఆయనది, ల్యాప్‌టాప్ కొన్నది ఆయన, ఇంకెవరి పేరుంటుంది? మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఆటో ఎక్కాను. మళ్ళీ బొమ్మ వెలిగింది, మళ్ళీ చప్పుడు లేదు. నేను తల పట్టుకుని కూర్చుంటే బావ నా భుజం మీద కర్రతో చిన్నగా తట్టాడు. "అది కాదు" అంటూ గల్లా పెట్టె పైన గోడకి వేలాడుతున్న వాళ్ళ నాన్న ఫొటో చూపించాడు. తర్వాత ల్యాప్‌టాప్ చూపించాడు. ఇంకోసారి ఫొటో చూపించాడు. అప్పుడు వెలిగింది నాకు.

ఆ ఇంట్లో దుకాణం పోయిన పెద్దాయన పేరు మీదే నడుస్తుంది. బోర్డు మీద ఆయన పేరే, బిల్లు పుస్తకం మీద ఆయన పేరే, కాటా మీద వేసిన పచ్చరంగు అక్షరాలూ ఆయన పేరే. కొడుకులు ఎంత పెద్దవాళ్ళైనా తమ పేరు దేనిమీదా రాసుకోరు. పోయి ఎన్నో ఏళ్ళయిన మనిషి, కంప్యూటర్ అంటే ఏమిటో చూడని మనిషి, ఆయన పేరు మీదే ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది. అక్క పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ బోర్డు చూస్తున్నదాన్ని, నాకు తట్టలేదు. నా మొహం చూసి బావ నవ్వాడు. మూతి ఒక పక్కకే వెళ్ళింది గానీ పూర్తి నవ్వే. జబ్బు చేశాక ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. మరదలు తెలివి తక్కువదని తేలితే ఏ బావకైనా సంతోషమే కదా.

అక్కడే కూర్చుని పెద్దాయన పేరు రాశాను. మాట్లాడింది. "తూకం ఎయ్యండి" అని బావ గొంతు దుకాణంలో వినిపించేసరికి కాటా దగ్గరున్న హమాలీ నిజంగానే బస్తా మీద చెయ్యి వేశాడు. వాళ్ళమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఇంకోసారి అనిపించు అంది. బావ నొక్కాడు. ఈసారి ఆవిడ లోపలికి వెళ్ళిపోలేదు.

అక్కడితో ఆపేసుంటే నేను నేను కాదు. బావకి పావలా, ముప్పావలా అనే మాటలు కావాలి, ధర ప్రతిసారీ పూర్తి రూపాయల్లో ఉండదు. పాత మెసేజీల్లో వెతికి అవి పట్టుకుని, గొంతులో చేర్చి, ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం మళ్ళీ కట్టి ఆదివారం పొద్దున్న పట్టుకెళ్ళాను. బావ వాళ్ళమ్మ పక్కింటావిణ్ణి కూడా పిలుచుకొచ్చింది, మావాడు మాట్లాడతాడు సూడు అని. మాట్లాడలేదు.

మళ్ళీ కట్టినప్పుడు ఆ పనిముట్టు స్క్రిప్టుని మళ్ళీ కొత్తగా రాసింది. నేను చేత్తో దిద్దిందంతా తుడిచిపెట్టుకుపోయి నా పేరే తిరిగొచ్చింది. ఆ ఫైలు మొదటి వరసలోనే ఉంటుంది, ఇది యంత్రం రాసింది, చేత్తో మార్చొద్దని. కలుపుని పైపైన తుంచితే ఏమవుతుందో పొలం ఉన్న ఇంట్లో పుట్టినదానికి ఒకరు చెప్పాలా?

పక్కింటావిడ మర్యాదగా, పనుందంటూ వెళ్ళిపోయింది. బావ వాళ్ళమ్మ మొహం ఎర్రబడింది. ఆవిడకి కోపం కంటే సిగ్గెక్కువైంది, ఆ సిగ్గులోంచి మాటొచ్చింది.

"ఒద్దు తల్లీ, ఇంక సాలు. మాటనేది మనిసి నోట్లో ఉండాల గానీ మిసనులో ఉంటాదేటి? ఆడి పరువు ఇలాగ పదిమందిలో తియ్యకు."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అన్న మాట తప్పని కాదు, బావ వింటుండగా అందని. ఆయన తలొంచుకుని కర్ర పిడి చూసుకుంటున్నాడు. ఒక్కసారి, ఒక్క బస్తాకి అవకాశమివ్వు అత్తా, అప్పటికీ మాట్లాడకపోతే నేనే వచ్చి చిన్నబావని కుర్చీలో కూర్చోబెడతాను అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయింది.

ఇంటికొస్తే మా ఆయన సులువు చెప్పాడు. దుకాణం ల్యాప్‌టాప్‌లో నీ పేరుతో ఒక ఫోల్డర్ చేసి గొంతు అందులో పడెయ్, అది వెతికేచోట దొరుకుతుంది, గొడవ వదిలిపోతుంది. నిజానికి పనయ్యేదే. కానీ పనికిమాలినవి తీసేద్దామని రేపెవరో ఆ ల్యాప్‌టాప్‌లో కూర్చుంటే, ఆ ఇంట్లో ఎవరిదీ కాని పేరు చూసి ముందు దాన్నే తీసేస్తారు. అంతకంటే పెద్ద అడ్డు నా మనసులో ఉంది. బావ గొంతు నా పేరు చాటున బతకడమేమిటి? నా పేరు వద్దు, బావ పేరు వద్దు, పెద్దాయన పేరూ వద్దు. అసలు ఎవరి పేరూ లేకుండా చెయ్యాలి. ఆరునూరైనా చేస్తాననుకున్నాను.

కంపెనీకి సెలవు పెట్టాను. ఈసారి యంత్రం రాసిన స్క్రిప్టుల జోలికి పోలేదు, అది చూసి రాసే నమూనా తెరిచాను. ఎవరు రాశారో, ఎక్కడి మనిషో, దారుల్ని ఒక పద్ధతీ పాడూ లేకుండా అక్కడొకటీ ఇక్కడొకటీ కుక్కాడు. ఒకచోట దిద్దితే ఇంకోచోట నుంచి నా పేరు తొంగిచూసేది. దిద్దడం, యంత్రం చేత మళ్ళీ రాయించడం, రాసినదాంట్లో నా పేరు వెతకడం, దొరికితే అది ఏ వరసలోంచి పుట్టిందో పట్టుకోవడం. పొయ్యి మీద పప్పు రెండుసార్లు మాడింది. చివరికి దారి అన్నచోటల్లా ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు ఏ చోటు చెబితే ఆ చోటే పడేట్టు పెట్టాను. ప్రోగ్రాంకి కూడా ఒకటే నేర్పాను. నువ్వు మొదలవగానే ఎక్కడున్నావో చూసుకో, గొంతు నీ పక్కనే ఉంటుంది, ఇంకెవరి ఇంటికీ వెళ్ళకు.

మాట్లాడింది. అయినా నమ్మలేదు. మా ఇంట్లో అది ఎప్పుడు మాట్లాడలేదు కనుక? నా పేరు కింద ఉన్న ఆ పాత గొంతు ఫోల్డర్ తీసేశాను. మళ్ళీ నడిపాను, మాట్లాడింది. మా ఆయన కంప్యూటర్లో పెట్టాను, మాట్లాడింది. ఎదురింటి టీచరు గారి కంప్యూటర్ అడిగి తెచ్చి, వాళ్ళ పిల్లల ఆటల మధ్య ఎక్కడో లోపల పడేసి నడిపాను. "సరుకు తడిగున్నాది" అంది. టీచరుగారు ఉలిక్కిపడ్డారు. నాకు మాత్రం కడుపు నిండింది.

కొత్త పెసలు మేమనుకున్నదానికంటే ముందే వచ్చేశాయి. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది, బస్తా బయల్దేరిందట, రమ్మని. నేను వెళ్ళేసరికి దుకాణం కడిగి ముగ్గేసి ఉంది. గల్లా పెట్టెకి పసుపు, కుంకుమ. కుర్చీలో బావ తమ్ముడు ఇబ్బందిగా కూర్చుని ఉన్నాడు. బావ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నేను పెన్ డ్రైవ్ తీస్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడెలాగే? నిన్న కంప్యూటర్ కుర్రోడొచ్చి అన్నీ సెరిపీసి మల్లీ ఏసాడు. మరిది పేరు మీద తెరుసుకుంటన్నాది."

కొత్తగా కూర్చునేవాడికి బిల్లుల పని సులువవుతుందని బావ తమ్ముడే పిలిపించాడట. పెద్దాయన పేరు పోయింది, పాతది ఏదీ అందులో లేదు. ఆ మాట వినగానే భయపడ్డాను, అబద్ధమెందుకు. ఇప్పుడది ఎవరి పేరూ వెతకదని గుర్తొచ్చి కుదుటపడ్డాను.

"ఎవుల పేరైనా పర్లేదే" అన్నాను అక్కతో.

ఎదురుగా ఏ చోటు కనిపిస్తే అక్కడ ప్రోగ్రాం పడేసి, ల్యాప్‌టాప్ తెచ్చి బావ ఎడంచెయ్యి పక్కన పెట్టాను.

రైతు వచ్చాడు. గుర్ల వైపు మనిషి, ఎప్పట్నుంచో ఇక్కడికే తెచ్చేవాడు. బావని చూసి, ఒంట్లో ఎలగున్నాది బాబూ అని జాలిగా అడిగి, జవాబు కోసం ఆగకుండా తమ్ముడి వైపు తిరిగి, పెసలు సూడు బాబూ అన్నాడు. తమ్ముడు కదల్లేదు. బావ కర్ర పక్కన పెట్టి, ముందుకి వంగి, ఎడంచెయ్యి బస్తాలో పెట్టాడు. గుప్పెడు తీసి నలిపాడు. ఒక గింజ పంటి కింద కొరికాడు. తెర వైపు తిరిగి, తడబడకుండా, ఒకటి, రెండు, మూడు బొమ్మలు నొక్కాడు.

ధర పలికింది. బావ గొంతు, బావ యాస, ఆ పావలా దగ్గర చిన్న దీర్ఘంతో సహా.

రైతు బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. తర్వాత బావ మొహంలోకి చూశాడు. ల్యాప్‌టాప్ వైపు చూడలేదు, తమ్ముడి వైపూ చూడలేదు. ఇందాకటి జాలి ఎటుపోయిందో, నడుం మీద చేతులేసుకుని తగువుకి దిగాడు.

"అదేటి బాబూ, అంత తక్కువ సెప్తావు? గింజ సూసేవా ఎలగున్నాదో? ఆ రేటుకిస్తే నానేటి తిని బతకాల?"

జబ్బు చేసిన దగ్గర్నుంచీ బావతో ఎవరూ తగువాడలేదు. అందరూ పాపం అన్నవాళ్ళే. బావ నిటారుగా కూర్చున్నాడు. ఆ మూడు బొమ్మలే, అదే వరసలో, మళ్ళీ నొక్కాడు. అదే ధర. రైతు కాసేపు గొణిగాడు, తల గోక్కున్నాడు, బస్తా మూతి ముడేసి తనే కాటా మీదకి ఎత్తాడు.

బావ వాళ్ళమ్మ గుమ్మంలోంచి కిందికి దిగింది. చిన్నకొడుకుకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"లెగరా. మీ అన్నని కూకోనియ్."